బడి భవనాన్ని కాపాడే చదువు

మన తెలుగు బడికి సొంత భవనం లేదు. వారాంతంలో ఒక పబ్లిక్ స్కూలు గదులు అద్దెకు తీసుకుని అ ఆలు దిద్దిస్తున్నాం. మనం వెళ్ళేసరికి తలుపులు తెరిచి ఉంటాయి. చలికాలంలో గది వెచ్చగా ఉంటుంది. మెట్ల మీద మంచు తీసి ఉప్పు చల్లి ఉంటుంది. బాత్‌రూములో నీళ్ళు వస్తాయి, దీపాలు వెలుగుతాయి. ఇవన్నీ వాటంతట అవే జరుగుతున్నాయని మన పిల్లలు అనుకుంటారు. నిజం చెప్పాలంటే మనమూ అలాగే అనుకుంటాం. వీటి వెనుక ఒక కస్టోడియన్, ఒక ఎలక్ట్రీషియన్, ఒక తోటపని బృందం ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఒక చదువు ఉంది.

మన సంచికలో ప్రతి ఏడూ మెడికల్ సీట్ల గురించీ, ఎస్ఏటీ గురించీ, స్పెల్లింగ్ బీ గురించీ రాసుకుంటూనే ఉన్నాం. ఈసారి మన ఇళ్ళలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోని ఒక చదువు గురించి చెప్పాలనుకున్నాం. అది భవనాలనూ, వాటి చుట్టూ ఉన్న నేలనూ బాగా ఉంచడం నేర్పే వృత్తివిద్య. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని ఆ తర్వాత యాభై ఏళ్ళు ఎవరు చూసుకోవాలో మాత్రం వాళ్ళు చెప్పలేదు. ఆ మిగిలిన సగం సామెతే ఈ వ్యాసం.

ఇంతకీ ఏమి నేర్పుతారు?

ఇక్కడి హైస్కూళ్ళలోనూ, కమ్యూనిటీ కాలేజీల్లోనూ ఈ కోర్సుకు రకరకాల పేర్లున్నాయి. లోపలి సరుకు మాత్రం ఇంచుమించు ఒకటే. కరెంటు, నీళ్ళు, గాలి, శుభ్రత, బయటి నేల. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు కరెంటు. మన ఊళ్ళో ప్లగ్గుకు వచ్చేది 230 వోల్టులు, ఇక్కడ మామూలు ప్లగ్గుకు 120 వోల్టులు. తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు, తడి చేతికి ఇదీ ప్రాణాంతకమే. వంటింట్లో, బాత్‌రూములో రెండు చిన్న బొత్తాలున్న ప్లగ్గు చూసే ఉంటారు, దాన్ని జీఎఫ్‌సీఐ అంటారు. ఒక తీగలో వెళ్ళిన కరెంటు అంతా రెండో తీగలో తిరిగి రావాలి. ఆ లెక్కలో సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఆ కాస్త కరెంటూ ఎవరి ఒంటిగుండానో నేలలోకి పోతూ ఉండవచ్చు. ఆ ప్లగ్గు అది గ్రహించి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. నెలకోసారి "టెస్ట్" బొత్తాం నొక్కి అది పనిచేస్తోందో లేదో చూడాలి. మనలో ఎంతమందిమి చూస్తున్నాం?

ఈ తరగతుల్లో మొదటి రోజుల్లోనే నేర్పే పద్ధతి ఇంకొకటి ఉంది. ఏదైనా యంత్రాన్ని బాగుచేసే ముందు దాని స్విచ్చి ఆపి, దానికి తాళం వేసి, తన పేరున్న చీటీ తగిలిస్తారు. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు పడతాయి. ఒకరి తాళం ఇంకొకరు తీయరు. "ఎవరో ఆపే ఉంటారులే" అన్న మాటకు అక్కడ చోటు లేదు.

తర్వాత నీళ్ళు. సింకు కింద గొట్టం యూ ఆకారంలో ఎందుకు వంగి ఉంటుందో మన పిల్లల్ని అడిగి చూడండి. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉంటాయి. మురుగు గొట్టంలోని వాసన, వాయువులు గదిలోకి రాకుండా ఆ నీళ్ళే మూతలా అడ్డుపడతాయి. వేసవి సెలవుల్లో ఎవరూ వాడని బాత్‌రూములో ఆ నీళ్ళు ఆరిపోయి కంపు కొడుతుంది. అప్పుడు ప్లంబరును పిలవక్కర్లేదు, ఒక చెంబెడు నీళ్ళు పోస్తే చాలు. కారణం తెలిసినవాడికి చెంబెడు నీళ్ళతో పోయే పని, తెలియనివాడికి వంద డాలర్ల బిల్లు అవుతుంది.

మూడోది గాలి. ఎయిర్ కండిషనరులోని చల్లబరిచే వాయువును గాలిలోకి వదలడం నేరం. అది ఓజోన్ పొరకో, వాతావరణానికో చెరుపు చేస్తుంది. అందుకే 1994 నవంబరు నుంచి ఆ వాయువుతో పనిచేసేవాళ్ళకు ఈపీఏ పరీక్ష పాసై, సర్టిఫికెట్ పొందడం తప్పనిసరి. ఇళ్ళలో బాగా వాడిన ఆర్-22 అనే వాయువు తయారీ, దిగుమతి ఈ దేశంలో 2020 జనవరి 1తో ఆగిపోయాయి. వాయువులు మారినప్పుడల్లా పనివాళ్ళు మళ్ళీ చదువుకోవలసిందే. సాఫ్ట్‌వేరు వాళ్ళకే అప్‌డేట్లు అనుకుంటే పొరపాటు.

నాలుగోది శుభ్రత. ఊడవడం, తుడవడం నేర్చుకోవడానికి బడెందుకని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. బ్లీచినీ, అమ్మోనియా ఉన్న మందునూ కలిపితే విషవాయువు పుడుతుంది. రెండూ మన సింకు కిందే పక్కపక్కన ఉండవచ్చు. క్రిముల్ని చంపే మందు చల్లి వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. సీసా మీద రాసినన్ని నిమిషాలు ఆ చోటు తడిగా ఉండాలి. పై నుంచి కిందికి తుడవాలి, శుభ్రంగా ఉన్న చోటు నుంచి మురికిగా ఉన్న చోటికి రావాలి. ఇదంతా రసాయనశాస్త్రమూ, సూక్ష్మజీవశాస్త్రమూ చీపురు పట్టుకుని చేసే పని.

ఇక బయటి నేల. గడ్డిని ఒక్కసారిగా మూడో వంతుకు మించి కోయకూడదు. కోస్తే వేరు బలహీనపడి ఎండకు మాడిపోతుంది. చెట్టు మొదలు చుట్టూ చెక్కపొట్టు గుట్టగా పోయడం ఇక్కడ చాలా ఇళ్ళ ముందు కనిపిస్తుంది. అది అందం కాదు, బెరడు కుళ్ళడానికి దారి. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, కాండానికి ఆనకుండా కొంచెం ఖాళీ వదలాలి. మన తాతలు కొబ్బరిచెట్టుకు పాది చేసినట్టు చుట్టూ పల్లంగా ఉంచాలన్నమాట. భవనం పక్కన నేల మాత్రం గోడ నుంచి బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వాననీరు బేస్‌మెంటులోకి దిగుతుంది. గుంత తవ్వేముందు 811కు ఫోన్ చేయాలి. 2007 నుంచి దేశమంతటికీ అదే నంబరు. భూమిలో ఉన్న గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వాళ్ళే వచ్చి గుర్తులు పెట్టి వెళ్తారు. పెరట్లో కరివేపాకు మొక్క కోసమైనా సరే, గడ్డపార వేసే ముందు ఆ ఫోన్ చేయడం మంచిది.

ఇంత జాగ్రత్త ఎందుకు?

1937 మార్చి 18. టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊరు. చుట్టూ చమురు బావులు, డబ్బున్న స్కూలు. ఖర్చు కలిసి వస్తుందని ఆ ఏడు మొదట్లో గ్యాసు కంపెనీ కనెక్షను మానేసి, చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాసు గొట్టానికి కలుపుకున్నారు. ఆ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. ఎక్కడో కారి భవనం కింద ఉన్న ఖాళీలో నిండింది. సాయంత్రం బడి వదిలేవేళ వృత్తివిద్య తరగతిలో ఒక మాస్టారు చెక్కను నునుపు చేసే కరెంటు యంత్రం స్విచ్చి వేశారు. నిప్పురవ్వ లేచింది, భవనం కూలిపోయింది. సుమారు 300 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది పిల్లలే.

ఆ తర్వాతే టెక్సాస్‌లో గ్యాసుకు ఘాటైన వాసన కలపాలన్న చట్టం వచ్చింది, ఆ పద్ధతి మిగతా చోట్లకూ పాకింది. ఇంట్లో గ్యాసు కారినప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది కదా. ఆ వాసన గ్యాసుది కాదు, మనల్ని హెచ్చరించడానికి కలిపినది. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. ఆ వాసన వస్తే స్విచ్చి వేయకూడదు, తీయకూడదు. ముందు బయటికి నడవాలి, తర్వాతే ఫోన్.

మన వైపు కూడా ఇలాంటి గాయం ఉంది. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి వంటశాలలో లేచిన మంట పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజుకూ, మామూలు రోజుకూ ఉన్న తేడా పాఠాల్లో లేదు. కప్పులో, దారిలో, తలుపులో ఉంది.

ఇక్కడి స్కూళ్ళ విషయంలో తల్లిదండ్రులుగా మనకు ఒక హక్కు ఉంది. 1986 నాటి చట్టం ప్రకారం ప్రతి స్కూలూ తన భవనంలో ఆస్బెస్టాస్ ఎక్కడుందో పరీక్ష చేయించి, దాని నిర్వహణ ప్రణాళిక రాసి ఉంచాలి. అడిగిన తల్లిదండ్రులకు అది చూపించాలి. అది ఉన్న భవనాల్లో పనిచేసే కస్టోడియన్లకు కనీసం రెండు గంటల శిక్షణ ఇవ్వాలి. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగు ఉండవచ్చు. అలాంటి ఇంట్లో రంగు గీకించేటప్పుడు శిక్షణ పొందిన పనివాళ్ళనే పెట్టుకోవాలి. 2010 నుంచి అది నిబంధన కూడా. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

అమెరికాలో హైస్కూలు వృత్తివిద్యకు కేంద్ర ప్రభుత్వం డబ్బు ఇవ్వడం 1917లో స్మిత్-హ్యూస్ చట్టంతో మొదలైంది. 1984లో కార్ల్ పెర్కిన్స్ అనే కెంటకీ సభ్యుడి పేరుతో కొత్త చట్టం వచ్చింది. 2006లో దాన్ని సవరించినప్పుడు "ఒకేషనల్" అన్న మాట పోయి "కెరీర్ అండ్ టెక్నికల్" అన్న మాట వచ్చింది. 2018లో మరోసారి సవరించారు. చాలా జిల్లాల్లో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు సగం రోజు తమ హైస్కూల్లో, సగం రోజు ఒక కెరీర్ సెంటరులో గడుపుతారు. ఇంగ్లీషు, లెక్కలు మానక్కర్లేదు, కాలేజీ దారి మూసుకుపోదు. పోటీలంటే ఇష్టపడే మన పిల్లలకు అవీ ఉన్నాయి. స్కిల్స్ యూఎస్ఏ వాళ్ళు ప్లంబింగు, వైరింగు, వడ్రంగం వంటివాటిలో, ఎఫ్ఎఫ్ఏ వాళ్ళు నర్సరీ, తోటల విషయంలో పోటీలు నడుపుతారు.

హైస్కూలు అయ్యాక రెండు దారులున్నాయి. ఒకటి కమ్యూనిటీ కాలేజీ. రెండోది అప్రెంటిస్‌షిప్, అంటే జీతం తీసుకుంటూ నేర్చుకోవడం. దీనికి 1937 నుంచి చట్టం ఉంది. ఎలక్ట్రీషియన్ కావాలంటే సాధారణంగా నాలుగైదేళ్ళు పడుతుంది. అందులో పనితో పాటు తరగతులూ ఉంటాయి. ఇంజనీరింగు పట్టా కన్నా తక్కువ కాలమేమీ కాదు.

వయసు సంగతీ తెలుసుకోవాలి. ఉద్యోగంగా చేసేటప్పుడు 14, 15 ఏళ్ళ పిల్లలు మోటారు గడ్డికోత యంత్రం నడపకూడదు. పద్దెనిమిది నిండనివాళ్ళు ఇంటి కప్పు పని, లోతైన గోతుల పని, గుండ్రటి రంపం పని చేయకూడదు. 16 దాటి, నమోదైన శిక్షణలో ఉన్న విద్యార్థులకు మాత్రం గురువు పర్యవేక్షణలో కొన్ని మినహాయింపులున్నాయి.

మన వలస కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలు స్కూల్లో ఈ తరగతులు చదువుకోవచ్చు కానీ, జీతం తీసుకుని పని చేయకూడదు. కాబట్టి జీతంతో కూడిన అప్రెంటిస్‌షిప్‌కు సంతకం పెట్టేముందు లాయరును అడగండి. ఆ వీసా పిల్లలకు 21 ఏళ్ళతో ముగుస్తుందన్నది కూడా గుర్తుంచుకుని ముందుగానే ఆలోచించుకోవాలి.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

ఈ మాట మన సమావేశాల్లో గట్టిగా వినపడదు, అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఐఈపీ ఉన్న విద్యార్థికి 16 ఏళ్ళు వచ్చేసరికి, బడి తర్వాతి జీవితానికి ఎలా సిద్ధం చేస్తారో స్కూలు ఆ ఐఈపీలో రాయాలి. అది చట్టం. చాలా జిల్లాల్లో ఆ పిల్లలకు ఇచ్చే శిక్షణలో భవనాల శుభ్రత, తోటపని ఉంటాయి. నిజమైన పనిచోట, నిజమైన పనిముట్లతో, వేళకు రావడం, చెప్పింది అర్థం చేసుకోవడం, సాయం అడగడం నేర్పుతారు. దీనివల్ల సొంత కాళ్ళ మీద నిలబడగలిగే పిల్లలు ఎందరో ఉంటారు. అలాగని ఐఈపీ ఉన్న ప్రతివాళ్ళ చేతికీ చీపురే ఇవ్వాలని ఎక్కడా లేదు. మీ అబ్బాయికి మొక్కలిష్టమా, యంత్రాలిష్టమా, కంప్యూటరిష్టమా అన్నది ముందు వాడినే అడగమని ఆ సమావేశంలో పట్టుబట్టండి. "నలుగురూ ఏమనుకుంటారో" అని ఆ సమావేశానికి వెళ్ళకుండా ఉండకండి. నష్టపోయేది ఆ నలుగురు కాదు.

చరిత్రలో ఒక పెద్ద వాదన

బానిసగా పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1872లో చదువు కోసం హాంప్టన్ చేరుకున్నాడు. అక్కడి టీచరు ఆయనకు ప్రవేశపరీక్షగా ఒక గది ఊడవమని చెప్పింది. ఆయన మూడుసార్లు ఊడ్చి, నాలుగుసార్లు దుమ్ము తుడిచాడట. ఆమె రుమాలుతో గోడలూ, బల్లలూ రుద్ది చూసి, మచ్చ కనపడక చేర్చుకుంది. 1881లో ఆయన టస్కిగీలో బడి పెట్టినప్పుడు విద్యార్థులే ఇటుకలు కాల్చి భవనాలు కట్టారు. మూడు బట్టీలు పాడైపోతే, నాలుగోదానికి గడియారం తాకట్టు పెట్టాడు. ఈ సంగతులు 1901లో అచ్చయిన తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు.

అయితే డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ 1903లో ఆయనను గట్టిగా విమర్శించాడు. నల్లజాతి పిల్లలను చేతిపనులకే పరిమితం చేస్తే, వాళ్ళ పై చదువులూ, హక్కులూ వెనకబడిపోతాయన్నది ఆయన వాదన. ఆ భయం ఉత్తదేమీ కాదు. పేదపిల్లలనూ, నల్లపిల్లలనూ అడగకుండానే వృత్తివిద్య వైపు తోసేసిన రోజులు ఈ దేశంలో ఉన్నాయి.

మనకు ఈ వాదన కొత్త కాదు. మన ఊళ్ళలో ఏ కులం వాళ్ళు ఏ పని చేయాలో పుట్టుకతోనే రాసిపెట్టారు. ఊడ్చేవాళ్ళను ఊరి బయట ఉంచారు. ఆ మరకను మనం సముద్రాలు దాటించి తెచ్చుకున్నామా అని ఒక్కసారి ఆలోచించుకోవాలి. "సరిగ్గా చదవకపోతే చెత్త ఎత్తుకోవాల్సి వస్తుంది" అని పిల్లల్ని బెదిరించే ప్రతిసారీ, చెత్త ఎత్తే మనిషి మనకన్నా తక్కువ అని వాళ్ళకు నేర్పుతున్నాం. ఇద్దరు మహానుభావుల మాటల నుంచి మనం తీసుకోవలసింది ఇది. పనిలో గౌరవం ఉంది, కానీ ఆ పనిని ఎంచుకునే హక్కు పిల్లవాడిది.

భారతదేశంలోనూ ఈ చదువుకు బాట ఉంది. గాంధీజీ 1937లో వార్ధాలో చేతిపని ద్వారా చదువు అన్న పథకం ప్రతిపాదించారు. 1950లో మొదలైన శిక్షణ పథకం కింద నడిచే ఐటీఐలలో ఎలక్ట్రీషియన్‌కు రెండేళ్ళు, ప్లంబరుకు ఒక ఏడు. 1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన న్యాక్ నిర్మాణరంగంలో శిక్షణ ఇస్తోంది. మన బంధువుల్లో ఐటీఐ చేసి స్థిరపడినవాళ్ళు ఒకరైనా ఉండే ఉంటారు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లల్ని ఆ బాబాయి పక్కన కూర్చోబెట్టండి.

జీతాల మాట

డబ్బు మాట దాచడం దేనికి? అమెరికా కార్మికశాఖ 2024 లెక్కల్లో ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్ల మధ్యస్థ వార్షిక వేతనం 62 వేల డాలర్ల పైమాటే. ఏసీ మెకానిక్కులది 60 వేలకు దగ్గర. ఊడ్చి తుడిచే పని, గడ్డి కోసే పని మాత్రం 40 వేలకు లోపే. తేడా కష్టంలో లేదు, చేతిలోని లైసెన్సులో ఉంది. అందుకే ఏ కోర్సులోనైనా చేరేముందు అడగవలసిన మొదటి ప్రశ్న, "చివరికి చేతికి వచ్చే సర్టిఫికెట్ ఏమిటి?" అని. రెండోది, "అది వేరే రాష్ట్రంలో చెల్లుతుందా?" అని. మూడోది, "పాఠం చెప్పే మాస్టారు ఆ పని చేసినవారేనా?" అని.

పిల్లలూ, ఇది మీకు

పై చదువు ఏదైనా కానివ్వండి, డాక్టరుకైనా ఇంట్లో నీళ్ళు కారతాయి. ఈ ఏడు అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని ఈ నాలుగు పనులూ నేర్చుకోండి. ఇంటికి వచ్చే నీళ్ళన్నీ ఆపే వాల్వు ఎక్కడుందో కనుక్కోండి. బ్రేకర్ల పెట్టెలో ఏది ఏ గదిదో చీటీలు రాయండి, తెలుగులో రాస్తే ఇంకా మంచిది. గోడకు ఆనించే నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు ఎడంగా ఉండాలని గుర్తుంచుకోండి. పొగను పసిగట్టే గంట నెలకోసారి మోగించి చూడండి.

ఈ మాటలు కూడా నేర్చుకోండి. సుత్తి, మేకు, మరమేకు, ఉలి, రంపం, పట్టకారు. నేల సమంగా ఉందో లేదో చూసేది రసమట్టం, మూల సరిగ్గా ఉందో లేదో చూసేది మూలమట్టం. గోడకు సిమెంటు పూసేది తాపీ, అది పట్టేవాడు తాపీమేస్త్రీ. గడ్డపార, పార, కొడవలి, కలుపు తీసే బొరిగె. మన భాషలోనే ఎన్ని పనులు దాగి ఉన్నాయో చూడండి. రాసినదాన్ని బాగుచేస్తే "చిత్రిక పట్టాడు" అంటాం, అది వడ్రంగి మాట. పాత సంగతిని వదలనివాణ్ణి "చూరు పట్టుకు వేలాడుతున్నాడు" అంటాం, అది ఇంటికప్పు మాట. ఈ పనులు తెలియకపోతే ఈ తెలుగు సగమే అర్థమవుతుంది.

వచ్చే వారం బడికి వచ్చినప్పుడు ఆ స్కూలు కస్టోడియన్ గారి పేరు అడిగి తెలుసుకోండి. పేరు పెట్టి పలకరించి, నమస్కారం చెప్పండి. మీ గది వెళ్ళేటప్పుడు ఎలా ఉందో వెనక్కి తిరిగి ఒకసారి చూసి, బల్లలు సర్ది, దీపాలు ఆర్పి రండి. ఈ చదువులో మొదటి పాఠం అదే.